అనంతపురం అంబలి బండి: ఫ్లెక్సీ చదవొద్దు, ఎనిమిది దాటాక పోండి

ముందే చెప్పేస్తా. చద్దన్నానికి ఐదుకు ఐదు. అంబలికి నాలుగున్నర. మధ్యాహ్నం సంగటికి నాలుగు. బండి వెనక కట్టిన ఫ్లెక్సీకి ఒకటి, అది కూడా రాగి కంకుల బొమ్మ బాగుందని.

ఆర్ట్స్ కాలేజీ దగ్గర్లో, పొద్దున వాకింగ్ ముగించుకుని టవర్ క్లాక్ వైపు పోయేవాళ్ళకు కనిపించే నీలం రంగు బండి ఇది. దానికి పేరంటూ లేదు. అంబలి అక్క బండి అంటే ఆటోవాళ్ళు దించుతారు. అక్క, అన్న ఇద్దరిదీ కళ్యాణదుర్గం వైపు పల్లె. పొద్దున ఆరుకు వస్తారు. అంబలి, చద్దన్నం పదిన్నర లోపల అయిపోతాయి. పన్నెండు నుంచి రెండున్నర దాకా సంగటి, కొర్రన్నం. సాయంత్రం ఉండరు.

నేను సాయినగర్‌లో మందుల షాపు నడుపుకునే ఫార్మసిస్టును. షాపుకొచ్చేవాళ్ళలో చానామంది చెప్పుకునేది కడుపు గోలే. గ్యాసు, మంట, మోషన్ రాదు, మోషన్ ఆగదు. పొద్దున పరగడుపున గ్యాస్ గోళీ, రాత్రి పడుకునే ముందు ఇసబ్‌గోల్, పోయిన వారం వాడిన యాంటీబయాటిక్‌కు విరేచనాలు పట్టుకున్నాయని ఒక ప్రోబయాటిక్ (బతికున్న మంచి బ్యాక్టీరియా) పొట్లం. ఒకే మనిషి ఒకే బిల్లులో ఈ మూడూ తీసుకుపోవడం నాకు మామూలే. అట్లాంటప్పుడు ఒక తిండి బండి మీద "పేగుల ఆరోగ్యం" అని అంతంత అక్షరాలు కనపడితే ఆగి చదవకుండా పోలేను. ఈ రివ్యూ పొడుగయ్యేదీ అందుకే. తొందరున్నవాళ్ళు పైన మార్కులు చూసుకుని పోవచ్చు.

అంబలి సంగతి. రాత్రి రాగిపిండిని నీళ్ళలో కలిపి మూతపెట్టి పులియనిస్తారు. తెల్లవారుజామున నూకలు ఉడకేసి, పులిసిన పిండి అందులో పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతా కాస్తారు. దించినాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర. గ్లాసు 15 రూపాయలు. పులుపు ఎంతుండాలో అంతే ఉంటుంది. నూక పంటికి తగిలీ తగలనట్టు తగులుతుంది. ఈమధ్య టిఫిన్ సెంటర్లలో మిక్సీకి వేసి, చక్కెర కలిపి నున్నగా ఇచ్చే రాగిజావ వేరు, ఇది వేరు.

అర మార్కు కోసింది రుచికి కాదు, వేళకు. ఆరున్నరకు పోతే వాకింగ్‌వాళ్ళు మూగి ఉంటారు. అంబలి అప్పుడే దించి ఉంటుంది, పొగలు పోతుంటుంది. అక్క అందులోకే చెంబుడు మజ్జిగ వంపేస్తుంది. "ఉడుకుడుగ్గా తాగితేనే మంచిదంట మేడమ్, అందరూ అట్లే అడుగుతారు" అంటుంది. తాగేవాళ్ళకు నాలుక మీద తేడా ఏమీ తెలీదు. కానీ రాత్రంతా పిండిని పులియబెట్టిన సూక్ష్మజీవులు కాచేటప్పుడే పోయినాయి. ఇక గ్లాసులో ప్రాణంతో ఉండాల్సినవి మజ్జిగలోవి మాత్రమే. వాటినీ అంత ఉడుకులో పోస్తే ఏం మిగుల్తాయి? వేడి 60 డిగ్రీలు దాటితే పెరుగు బ్యాక్టీరియా చాలావరకు బతకదు. ఎనిమిది దాటినాక పోతే గిన్నె గోరువెచ్చగా ఉంటుంది, మజ్జిగ పోసినా వాటికేం కాదు. ఈ మాట అక్కతో అంటే నవ్వింది. ఎనిమిదింటికి వచ్చేవాళ్ళకు చల్లారినదే పోస్తానంది, ఆరున్నర బ్యాచ్‌కు మాత్రం ఉడుకుడుకుదే పోస్తోంది. అడిగింది ఇవ్వకపోతే పక్క టీ బండికి పోతారు, ఆమె వ్యాపారం ఆమెది.

ఇడ్లీ, దోశల సంగతీ ఇంతే. పిండి పొంగేది ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా వల్లే, కానీ ఆవిరి పట్టినాక, పెనం మీద కాల్చినాక ప్లేటులోకి అవి బతికి రావు. అట్లని పులియబెట్టిన పని వృథా పోదు. పులిసినప్పుడు రాగుల్లో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది, ఇనుము, జింకు ఒంటికి పట్టడం సులువవుతుంది. ఇడ్లీని "ప్రోబయాటిక్ టిఫిన్" అని అమ్మేవాళ్ళతోనే నాకు పేచీ.

ఈ బండి దగ్గర బతికున్న సూక్ష్మజీవులు కావాలంటే చద్దన్నం తినాలి. ముందురోజు సాయంత్రం అన్నం వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచి ఆరబెడతారు. చల్లారిన వెంటనే మట్టి కడవల్లోకి ఎత్తి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, పుల్లమజ్జిగ కలిపి గుడ్డ కడతారు. తెల్లారి మూత తీస్తే పైన సన్న సన్న బుడగలు. పులుపు వాసన ముక్కుకు తగులుతుంది కానీ కంపు కొట్టదు. దీన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టేది లేదు కాబట్టి పులియబెట్టిన సూక్ష్మజీవులన్నీ అట్లే గిన్నెలోకి వస్తాయి.

ఐదుకు ఐదు ఇచ్చింది అన్న ముక్కుకు. గిన్నెలోకి వడ్డించే ముందు ప్రతి కడవా వాసన చూస్తాడు. ఒకపొద్దు నేను అక్కడే నిలబడి ఉన్నా. ఒక కడవ మూత తీసి, వాసన చూసి, గరిటెతో నాలుగు మెతుకులు పైకెత్తినాడు. మెతుక్కీ మెతుక్కీ మధ్య జిగురు తీగలా సాగింది. మారుమాట లేకుండా కడవ కడవంతా తీసుకుపోయి మోరీలో పోసి వచ్చినాడు. చద్దన్నం కోసం కాచుకున్న ఇద్దరు కాలేజీ పిల్లోళ్ళు మొహాలు వేలాడేసుకుంటే, "ఈ పొద్దుకు అంబలి తాగండబ్బీ, డబ్బులొద్దు" అన్నాడు. అంత అన్నం పారబోసేది చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. నాకైతే ఆ రోజు నుంచి ఈ బండి మీద నమ్మకం కుదిరింది.

ఎందుకంటే చల్లన్నంలో భయపడాల్సినది ఒకటుంది, బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా. బియ్యంలో ఉండే ఈ బ్యాక్టీరియా స్పోర్ల రూపంలో, అంటే గట్టి పెంకున్న విత్తనాల్లా, అన్నం ఉడికినా చావదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా పడి ఉంటే స్పోర్లు మొలకెత్తి, విషం తయారవుతుంది. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్న కాసేపటికే వాంతులు. మే నెలలో మన ఊర్లో ఎండ 42 డిగ్రీలకు పోతుంది, రాత్రిళ్ళు కూడా ఇల్లు చల్లబడదు. అందుకే అన్నాన్ని పరిచి తొందరగా చల్లార్చడం, మజ్జిగ కలిపి పులుపు తొందరగా ఎక్కించడం, ఈ రెండూ ముఖ్యం. పులుపున్న చోట అది పెరగడం కష్టం. రాత్రి తినగా కుక్కర్లో మిగిలిన అన్నంలో పొద్దున కుళాయి నీళ్ళు పోసి, పెరుగు కలుపుకుని, చద్దన్నం తిన్నామని ఫోటో పెట్టేవాళ్ళకు ఈ రెండు సంగతులూ పట్టవు.

చద్దన్నం గిన్నె 40 రూపాయలు. అందులోనే గడ్డపెరుగు, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, వేయించిన ఊరమిరపకాయలు, పక్కన శెనక్కాయల ఊరిబిండి ముద్ద. ఊరిబిండి రోట్లో దంచిందే. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు. అక్కడక్కడా నలగని పలుకు పంటి కింద పడుతుంది. పెరుగన్నం నోట్లో పెట్టుకుని, ఎర్రగడ్డ కొరికి, ఊరిబిండి నాలుకకు రాసుకుంటే మళ్ళీ మధ్యాహ్నం రెండింటి దాకా ఆకలి గుర్తురాదు.

ఈ గిన్నెలో పేగులకు పనికొచ్చేది పులుపొక్కటే కాదు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత బిగుసుకుని, చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా పోతుంది. అక్కడుండే సూక్ష్మజీవులకు అది మేత. పచ్చి ఎర్రగడ్డ, తెల్లగడ్డలో ఇనులిన్ జాతి పీచు ఉంటుంది, పేగుల్లో మేలు చేసే బిఫిడోబ్యాక్టీరియాకు అదంటే మహా ఇష్టం. ఇక మజ్జిగలోవి, చద్దన్నంలోవి మన పేగుల్లో కాపురం పెడతాయని ఆశ పెట్టుకోవద్దు. చాలావరకు చుట్టపు చూపుగా వచ్చి పోయేవే. రోజూ వస్తా ఉంటే మాత్రం పనికొస్తాయి. 2021లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు 36 మంది మీద ఒక పరీక్ష చేసినారు. పది వారాల పాటు ఒక జట్టుకు పెరుగు, కెఫిర్ (పులిసిన పాలు), కిమ్చి (కొరియావాళ్ళ పులిసిన కూరగాయలు) లాంటి పులిసిన తిండి, ఇంకో జట్టుకు పీచు ఎక్కువున్న తిండి. పులిసిన తిండి తిన్నవాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగినాయి, రక్తంలో వాపును (ఇన్‌ఫ్లమేషన్) సూచించే ప్రోటీన్లలో 19 రకాలు తగ్గినాయి. పీచు జట్టులో ఆ కొద్ది రోజుల్లో రకాలు పెరగలేదు. నేను పీచు పక్షం మనిషిని. అయినా ఈ లెక్క దాచిపెట్టి రివ్యూ రాస్తే ఫ్లెక్సీ రాసినాయనకూ నాకూ తేడా ఏముంది?

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ. అక్క మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి వస్తా చేయించుకొచ్చినాడంట. "మాకేం తెలుసు మేడమ్, ఆ పిల్లోడు తెచ్చినాడు, కట్టినాం" అంది అక్క. అందులో ఏముందంటే: మన ఒంట్లో కణాల కంటే బ్యాక్టీరియా 10 రెట్లు ఎక్కువ. పేగుల్లో 2 కిలోల బ్యాక్టీరియా. ఒక గ్లాసు అంబలిలో 100 కోట్ల మంచి బ్యాక్టీరియా. షుగర్, థైరాయిడ్, డిప్రెషన్ మాయం.

పది రెట్లు అన్నది 1970ల నాటి ఉజ్జాయింపు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయినారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు 2016లో మళ్ళీ లెక్కేస్తే, 70 కిలోల మగమనిషి ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు, సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు వచ్చినాయి. ఇంచుమించు సమానం. ఆ బ్యాక్టీరియా అంతా కలిపినా బరువు 200 గ్రాములు. 2 కిలోలు ఎక్కడ, పావుకిలో కూడా లేనిది ఎక్కడ! గ్లాసులో 100 కోట్లు అన్నది ఎవరు లెక్కబెట్టినారో మేనల్లుడికే తెలియాలి. ఆరున్నరకు తాగే గ్లాసులో ఎన్నుంటాయో పైన చెప్పినా. షుగర్, థైరాయిడ్ మాయం అన్న లైను చదివి ఎవరైనా మందు ఆపితే ఆ పాపం ఫ్లెక్సీదే. ఆ లైను మీద తెల్లకాగితం అతికించమని అక్కతో చెప్పినా. అతికించింది, గాలికి లేచిపోయింది, మళ్ళీ అతికించలేదు.

అంత పెద్ద ఫ్లెక్సీలో ఎక్కడా లేనిదే అసలు సంగతి. పీచు. ఆ బండి మీద అమ్మే గొప్ప సరుకు అదే, దాని ఊసే లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో చూస్తే 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములు, జొన్నల్లో 10. పాలిష్ పట్టిన బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. ఈ పీచును మనం అరిగించుకోలేం, మన దగ్గర ఆ ఎంజైములు లేవు. పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు చేస్తుంది. పెద్దపేగు లోపలి పొరకు కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం ఆ బ్యూటిరేట్ నుంచే వస్తుంది. పీచు రాకపోతే ఆ బ్యాక్టీరియా ఊరకుంటుందా? పేగు గోడ మీద కాపలాగా ఉండే జిగురు పొరనే కొరుక్కు తినడం మొదలుపెడుతుంది. ఎలుకల్లో 2016లో ఇది చూసినారు.

మధ్యాహ్నం సంగటి తింటున్నప్పుడు నాకు మా జేజి గుర్తుకొస్తుంది. ఆమె కాలంలో మా వైపు వరి అన్నం అంటే పండగకు, చుట్టాలొస్తే, జబ్బు చేస్తే. మిగతా రోజుల్లో సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం, సజ్జ. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. కరువు జిల్లాలో అది ఎంతమంది కడుపు నింపిందో చూసినవాళ్ళకు తెలుసు, ఆ పథకాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. కానీ దాని వెనకే రాగి, కొర్ర చేలు తగ్గినాయి, శెనక్కాయ పెరిగింది. మా అమ్మ కాలానికి రెండు పూటలా అన్నం. మా కాలానికి అన్నం, ఇడ్లీ, సాయంత్రం బేకరీ పఫ్. మా పాపకు నూడుల్స్. ఒక్కో తరానికి ఒక్కో మెట్టు దిగినాం. స్టాన్‌ఫర్డ్‌లోనే సోనెన్‌బర్గ్ దంపతుల ల్యాబ్ 2016లో ఎలుకలకు తరం తరువాత తరం పీచు తక్కువ తిండి పెట్టి చూసింది. తరం తరానికీ కొన్ని జాతుల బ్యాక్టీరియా కనుమరుగైంది. నాలుగు తరాల తరువాత మళ్ళీ పీచు పెట్టినా పోయిన వాటిలో చాలా వరకు తిరిగి రాలేదు. వాటిని బయట నుంచి మళ్ళీ ఎక్కిస్తే, పీచు తోడైతే, అప్పుడు వచ్చినాయి. ఎలుకలు ఎలుకలే, మనుషులు మనుషులే. అయినా మా ఇంట్లో నాలుగు తరాలు లెక్కపెట్టుకుంటే ఒక క్షణం గుండె ఝల్లుమంది.

సంగటికి ఒక మార్కు తగ్గించిన కారణం కూడా ఇదే. రుచికి పేరు పెట్టలేం. ముద్ద మెత్తగా, వేలికి అంటకుండా ఉంటుంది. పుల్లగూర ఘాటుగా, పప్పు చిక్కగా, ఆదివారమైతే నాటుకోడి పులుసు. రెండు ముద్దలు, రెండు కూరలు 80 రూపాయలు, కోడి పులుసుతో 150. కానీ ముద్ద రంగు చూడండి, తేలిపోయి ఉంటుంది. బియ్యం పాలెక్కువ, రాగిపిండి తక్కువ. టౌన్‌లోవాళ్ళు నల్లగా ఉంటే తినరని అన్న చెప్పిన మాట. అంత దూరం పోయి సంగటి అడిగి, చివరికి సగం బియ్యమే తింటే ఏం లాభం? ముందురోజు చెప్పిపోతే రాగి ఎక్కువ వేసి విడిగా కెలికి పెడతారు, అదనంగా ఏమీ తీసుకోరు. కొర్రన్నం పొడిపొడిగా బాగుంది, పప్పులోకి సరిగ్గా కుదిరింది.

బండి మీద గాజు సీసాలో రాగి బిస్కెట్లు కూడా ఉంటాయి. అక్క చేసినవి కావు, ఎవరో తెచ్చి వేసిపోతారు. ప్యాకెట్ తిప్పి చూసినా. మన దేశంలో బరువు ఎక్కువున్న దినుసు ముందు రాయాలి. ఈ ప్యాకెట్ మీద వరుస ఏమంటే మైదా, చక్కెర, పామాయిల్, ఆ తరువాత రాగిపిండి. కొనొద్దు. పిల్లలకు ఐస్‌క్రీములు, క్రీము కేకులు కొనేటప్పుడు కూడా వెనక 466, 433 అంకెలున్నాయేమో చూసుకోండి. నూనె, నీళ్ళు విడిపోకుండా కలిపే ఆ ఎమల్సిఫయర్లు రెండూ ఎలుకల పేగుల్లో జిగురు పొరను పల్చబరిచి, వాపు తెచ్చినాయని 2015లో నేచర్ పత్రికలో వచ్చింది. మనుషుల్లో పరీక్షలు ఇంకా చిన్నచిన్నవే జరిగినాయి, కాబట్టి ఎప్పుడో ఒక కప్పు తిన్నందుకు కంగారు పడాల్సిన పని లేదు.

ఇక ఈ బండి వల్ల కానిది. ఒక కుర్రాడు వాకింగ్ అయినాక రోజూ ఇక్కడ అంబలి తాగుతాడు. అదే కుర్రాడు ముక్కు కారితే నా షాపుకొచ్చి "అజిత్రో రెండు గోళీలియ్యి అక్కా" అంటాడు, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అది. డాక్టర్ చీటీ లేకుండా ఇయ్యనంటే అలిగి ఇంకో షాపుకు పోతాడు. జలుబు చేసేది వైరస్, దానికి యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. పేగుల్లో ఉన్నవాటిని మాత్రం ఊచకోత కోస్తుంది. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉండేది చీటీ లేకుండా కొనొద్దనే. "ఏం కాదక్కా, అంబలి తాగుతున్నా కదా, మంచి బ్యాక్టీరియా ఎక్కుతాది" అని నాకే పాఠం చెప్పినాడు. ఎక్కదు నాయనా. వైజ్‌మన్‌వాళ్ళే 2018లో ఇంకో పరీక్ష చేసినారు. యాంటీబయాటిక్ కోర్సు తరువాత ప్రోబయాటిక్ వాడినవాళ్ళలో, ఏమీ వాడనివాళ్ళ కంటే సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే, అదే చివరి మాట అనుకోవద్దు. యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాలకు కొన్ని రకాల ప్రోబయాటిక్‌లు పనికొస్తాయి కూడా, డాక్టర్ రాస్తే నేను ఇస్తా. డాక్టర్ రాసిన కోర్సు సగంలో ఆపమనీ అనడం లేదు. అవసరం లేని కోర్సుకు మాత్రం అంబలి విరుగుడు కాదు.

గ్యాస్ గోళీదీ అదే కథ. ప్యాంటోప్రజోల్ కొన్ని వారాలకని డాక్టర్ రాసిస్తే ఏళ్ళ తరబడి మింగేవాళ్ళు ఈ బండి చుట్టూ చానామంది ఉన్నారు, నేను మొహాలు గుర్తుపడతా. కడుపులో ఆమ్లం తగ్గితే నోట్లో ఉండాల్సిన బ్యాక్టీరియా పేగుల దాకా దిగుతుంది, ఈ మందు వాడేవాళ్ళ పేగుల్లో అది కనిపించింది కూడా. సొంతంగా ఆపొద్దు, ఇంకా వాడాల్సిన అవసరం ఉందా అని రాసిన డాక్టర్‌నే ఒకసారి అడగండి.

కొత్తగా పోయేవాళ్ళకు ఇంకొంచెం. ఇన్నాళ్ళు పీచు మొహం చూడని కడుపులో ఒకేసారి రెండు గ్లాసుల అంబలి, గిన్నెడు చద్దన్నం, గుప్పెడు పచ్చి ఎర్రగడ్డ పడితే ఉబ్బరం ఖాయం. బ్యాక్టీరియా పీచును పులియబెడితే గాలి పుడుతుంది మరి. అర గ్లాసుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. లేకపోతే ఇక్కడ తాగి నేరుగా నా షాపుకొచ్చి గ్యాస్ గోళీ అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్ళు రాగి కదా అని ధీమాగా ఉండొద్దు, పల్చగా కాచిన అంబలికి చక్కెర తొందరగానే ఎక్కుతుంది. కొర్రన్నం, పప్పు, ఆకుకూర నయం. తాగినాక రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌లో చూసుకుంటే మీ ఒంటికి ఎంత ఎక్కిందో మీకే తెలుస్తుంది. కీమో తీసుకుంటున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు చద్దన్నం జోలికి పోయే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే.

శుభ్రం పర్వాలేదు. తాగే నీళ్ళు క్యాన్‌వి. గ్లాసులు రెండు బకెట్లలో ముంచి కడుగుతారు, రెండో బకెట్ నీళ్ళు తొమ్మిది దాటినాక తెల్లబడతాయి, అప్పుడు అన్నను మార్చమంటే మారుస్తాడు, అడక్కపోతే మార్చడు. నేనైతే ఇంటి నుంచి స్టీలు గ్లాసు తీసుకుపోతా. కూర్చోడానికి నాలుగు స్టూళ్ళున్నాయి, మిగతావాళ్ళు నిలబడే. ఫోన్‌పే ఉంది. మిగిలిన అన్నం, అంబలి అన్న ఊరికి తీసుకుపోయి ఎనుములకు పెడతాడు, మరుసటి రోజుకు దాచరు. ఊరిబిండి విడిగా పొట్లం కట్టిస్తారు, 100 గ్రాములు 40 రూపాయలు, తొమ్మిదిన్నర దాటితే దొరకదు. సోమవారం సెలవు.